ఒకటో తేదీ శాతాలు చెప్పని లెక్క

ప్రతి నెలా ఒకటో తేదీ సాయంత్రానికి తిరుపతి వార్డుల పనితీరు ఒక్క అంకెలో తేలిపోతుంది. ఎన్టీఆర్ భరోసా పింఛన్లు ఎంత శాతం పంచారన్నదే ఆ అంకె. శాతం బాగుంటే శభాష్, తగ్గితే టెలీకాన్ఫరెన్సులో చీవాట్లు. పొద్దున్నే డబ్బుతో గడప గడపకూ తిరిగే సచివాలయ సిబ్బంది శ్రమను తక్కువ చేయలేం. వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇంటి దగ్గరే చేతికందడం చిన్న సంగతీ కాదు. కానీ ఆ శాతాన్ని కట్టేది మంజూరైన జాబితా మీద. జాబితాకెక్కని మనిషి ఆ లెక్కలో లేనే లేడు. నగరపాలక సంస్థ బలహీనులను ఎలా చూసుకుంటోందో తెలియాలంటే, పంచినదాని కన్నా ముందు తిప్పి పంపినదాన్ని చూడాలి.

తిప్పి పంపడం చాలావరకు కంప్యూటరే చేస్తుంది. సచివాలయాల్లో ‘సిక్స్ స్టెప్’ అని పిలిచే పరిశీలనలో ఆదాయం, భూమి, నాలుగు చక్రాల వాహనం, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, కరెంటు వాడకం వంటివన్నీ వడపోస్తారు. కరెంటుకు గీత నెలకు సగటున 300 యూనిట్లు. అద్దె ఇళ్లు ఎక్కువున్న ఊళ్లో చిక్కంతా ఇక్కడే. మీటరు యజమానిది, దానికి ముడిపడిన ఆధార్ ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన అద్దెదారుది, ఒక వృద్ధురాలిది అనుకుందాం. ఇల్లు మారి ఎన్నేళ్లయినా ఆ మీటరు ఆమెను వదలదు, అక్కడి వాడకం ఆమె లెక్కలోనే పడుతుంది. ముడి విప్పాల్సింది విద్యుత్ సంస్థ, ‘అనర్హురాలు’ అని చెప్పేది వార్డు సచివాలయం. ఈ రెంటి మధ్యా తిరగాల్సింది మాత్రం ఆమె. ఆ విద్యుత్ సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉన్నా ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఇంకో చిక్కు, ఎవరు ఏ ఇంటివారో నమోదు చేసే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌. పెళ్లయి వేరు కాపురం పెట్టిన కొడుకు రికార్డుల్లో ఇంకా తల్లి ఇంట్లోనే ఉంటాడు. అతనికి ఉద్యోగమో కారో ఉంటే ఆమె దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది.

కాబట్టి నగరపాలక కౌన్సిల్ అడగాల్సింది మొత్తం తిరస్కరణలు ఎన్నని కాదు. వార్డువారీగా, కారణంవారీగా అడగాలి. ఒక వార్డులో సగం తిరస్కరణలు మీటరు కారణంగానే అయితే, విద్యుత్ సిబ్బందినీ సంక్షేమ కార్యదర్శినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి శిబిరం పెట్టవచ్చు. కారణాలన్నీ కలిపేసి ఒక్క అంకెగా ఇస్తే చేయడానికేమీ ఉండదు, చదివి పక్కన పెట్టడం తప్ప.

అర్జీల సంగతి మరో తీరు. సోమవారం ప్రజల ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్సులో వచ్చినవాటికి గడువు ఉంటుంది, గడువు దాటితే ‘బియాండ్ ఎస్ఎల్ఏ’ (గడువు మీరింది) అని కంప్యూటర్‌లో ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు పోగొట్టుకోవడానికి ఎండార్స్‌మెంట్ అనే రాతపూర్వక జవాబు ఇచ్చి మూసేయడమే సులువైన దారి. ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అన్నా అర్జీ పరిష్కారమైనట్టే లెక్క. దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. మూసిన అర్జీల రిజిస్టరులో ప్రతి పదో అర్జీ తీసుకుని అర్జీదారుకు ఫోను చేసి సమస్య తీరిందా అని అడగాలి. అధికారి ఎంచి ఇచ్చిన అర్జీలతో ఈ పని చేయకూడదు. ఒక్క వార్డులో ఇరవై అర్జీలు చూసి తీర్పు చెప్పడమూ తొందరపాటే, ముగ్గురు కాదన్నారంటేనే పదిహేను శాతం అవుతుంది. నగరమంతటికీ కలిపి రెండొందలైనా చూడాలి. అదే సమస్యతో మళ్లీ వచ్చినవారు ఎందరో కూడా విడిగా లెక్కపెట్టాలి. మొదటిసారి ఇచ్చిన పరిష్కారం ఎంత నిజమో అక్కడ బయటపడుతుంది.

నిరాశ్రయుల వసతి గృహాల దగ్గర కొలత మరీ తప్పుతోంది. జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటు, మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలన్నాయి. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరానిది 2.87 లక్షలు. ఆ పాత అంకె ప్రకారమే దాదాపు మూడొందల పడకలు కావాలి. తనిఖీలు మాత్రం పగలు జరుగుతాయి, మంచాలు లెక్కపెట్టి సంతకం పెడతారు. లెక్కించాల్సింది రాత్రి పదకొండు తర్వాత, లోపలా బయటా. తిరుపతిలో దీనికొక అదనపు ఇబ్బంది ఉంది: టీటీడీ యాత్రికుల వసతి సముదాయాలైన విష్ణు నివాసం, శ్రీనివాసం చుట్టుపక్కల పడుకున్నవారిలో సర్వదర్శనం టోకెన్ల కోసం వచ్చిన భక్తులెవరో, ఇల్లు లేనివారెవరో ఒక్క రాత్రి చూస్తే తెలియదు. వారాంతాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజులు వదిలేసి వరుసగా రెండు రాత్రులు, మంగళ బుధవారాలైతే మేలు, అదే దారిలో తిరగాలి. రెండో రాత్రీ అక్కడే ఉన్నవారు మన లెక్కలోకి వస్తారు. వసతి గృహం రిజిస్టరులో నెల సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతలో ఉంటే ఆ రిజిస్టరు ఎప్పుడు రాశారో వేరే చెప్పక్కర్లేదు. ఆడవాళ్ల గదికి లోపలి గడియ ఉందో లేదో కూడా చూడాలి. అది లేకపోతే ఆడవాళ్లు రారు, ఆ ఖాళీ మంచాలను చూసి ‘అవసరం లేదు’ అని రాసుకుంటారు.

అంగన్‌వాడీ కేంద్రాలు మహిళా శిశు సంక్షేమ శాఖవి, పట్టణ ఆరోగ్య కేంద్రాల సిబ్బంది ఆరోగ్య శాఖ వారు. వీటికి కార్పొరేషన్‌ను మాత్రమే నిలదీయడం అన్యాయం. అయితే 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన 12వ షెడ్యూలులో దివ్యాంగులతో సహా బలహీన వర్గాల ప్రయోజనాల రక్షణ పట్టణ సంస్థల అంశాల్లో ఒకటి. ‘అది మా శాఖ కాదు’ అన్న జవాబు కౌన్సిల్‌లో చెల్లకూడదు. శాఖ ఎవరిదైనా అంకెలు తెప్పించుకుని ఎజెండాలో పెట్టవచ్చు. బడ్జెట్ పుస్తకంలోనూ అంచనా దగ్గర ఆగిపోకుండా గడిచిన ఏడాది వాస్తవ ఖర్చు కాలమ్ దాకా వెళ్లాలి, సంక్షేమ పద్దులు కరిగిపోయేది అక్కడే.

కౌన్సిల్ అడగకపోతే పౌరులు అడగవచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. జవాబుకు 30 రోజుల గడువు. ‘పింఛన్ల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే పథకం కరపత్రం వస్తుంది. ఫలానా వార్డు, ఫలానా మూడు నెలలు, వచ్చినవి, తిరస్కరించినవి, కారణం, నిర్ణయానికి పట్టిన రోజులు అని గడులు గీసి మరీ అడగాలి. లబ్ధిదారుల పేర్లు, ఆధార్ నంబర్లు అడగకూడదు. వ్యక్తిగత సమాచారమని మొత్తం దరఖాస్తునే తోసిపుచ్చే వీలు అక్కడ దొరుకుతుంది.

తిరస్కరణలు లెక్కపెట్టడం మొదలైతే ఒక తప్పుదారి వెంటనే తెరుచుకుంటుంది: దరఖాస్తును ఆన్‌లైన్‌లో ఎక్కించకుండా కౌంటర్ దగ్గరే నోటిమాటతో పంపేయడం. పోర్టల్‌లో కొత్త దరఖాస్తుకు అవకాశం ఇవ్వని కాలంలో ఇదింకా తేలిక. అడిగినవారు వందల్లో ఉన్నా పెండింగ్ సున్నా అని కనిపిస్తుంది. అందుకని ప్రతి సచివాలయంలో పేజీ నంబర్లు వేసిన కాగితం రిజిస్టరు ఒకటి ఉండాలి. వచ్చినవారి పేరు, అడిగింది, చెప్పిన జవాబు అందులో రాసి, వరుస నంబరుతో చీటీ ఇవ్వాలి. నెలాఖరున ఆ రిజిస్టరును పోర్టల్ అంకెలతో పోల్చే బాధ్యత వార్డు కార్యదర్శులకు కాకుండా మరో డివిజన్ సిబ్బందికి అప్పగించాలి. తిరుపతిలో కుదిరితే చిత్తూరు కార్పొరేషన్‌లోనూ కుదురుతుంది, ఖర్చు రిజిస్టరు పుస్తకాలదే.