సవరణ: ముల్కనూరు మహిళా డెయిరీ లాభం సంగతి

హనుమకొండ జిల్లా ముల్కనూరు మహిళా డెయిరీని గత పోస్టులో "లాభాపేక్ష లేని సేవా సంస్థ" అన్నాను. ఆ మాట తీసేస్తున్నాను. దాన్ని చదివి కొందరు డెయిరీ విరాళాల మీద నడుస్తుందనుకున్నారు. అది పాలు పోసే మహిళలే యజమానులుగా ఉన్న సహకార సంఘం. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నడుస్తుంది. ఆ చట్టం కింద సంఘాల్లో ప్రభుత్వానికి వాటా ఉండదు, పెత్తనమూ ఉండదు.

మిగులు, అంటే ఖర్చులు పోగా మిగిలే డబ్బు, అవసరమే. ఊళ్లో పాల కేంద్రం దగ్గర చూడండి: క్యాన్‌లో పోసే ముందు కొంచెం పాలు తీసి వెన్న శాతం చూస్తారు, దాన్ని బట్టి రేటు. పాలు చల్లబరచాలి, ప్యాకెట్లు కట్టాలి, తెల్లారేసరికి పట్నం చేర్చాలి. ప్యాకెట్ అమ్మితే వచ్చే డబ్బులోంచే ఇదంతా గడవాలి. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి లెక్క. సహకార పద్ధతిలో మిగులు పెట్టుబడిని బట్టి కాదు, ఎవరు ఎన్ని పాలు పోశారో దాన్ని బట్టి బోనస్‌గా పంచుతారు. ఒకే గేదె ఉన్న అక్కకూ తన వంతు వస్తుంది. దీన్ని సేవ అనడం ఆమె కష్టాన్ని తక్కువ చేయడమే.

లాభాపేక్ష లేని కంపెనీలకు ఉన్న కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 వేరే దారి. అక్కడ లాభం రావచ్చు కానీ సభ్యులకు డివిడెండ్ ఇవ్వకూడదు, సంస్థ ఆశయానికే ఖర్చు పెట్టాలి. వరంగల్ దర్రీల (జంపఖానాల) నేత సంఘం పెట్టాలనుకునేవాళ్లు ఈ రెండింటిలో ఏదో ముందే తేల్చుకోవాలి.