గోడ క్యాలెండరే మస్టరు

తెల్లవారుజామున నాలుగు కాకముందే భీమవరం, ఆకివీడు, నరసాపురం చుట్టుపక్కల ఊళ్ల సెంటర్లలో వ్యాన్లు వచ్చి ఆగుతాయి. క్యారేజీ సంచులు పట్టుకున్న ఆడవాళ్లు ఒకరినొకరు ఒరుసుకుంటూ ఎక్కి కూర్చుంటారు. వాళ్లు వెళ్లేది రొయ్యల ఫ్యాక్టరీకి. అక్కడ ఐసు నీళ్లలో చేతులు పెట్టి తల తుంచాలి, పొట్టు ఒలవాలి, వీపు మీది నల్లటి నరం లాగాలి. తలముల్లు గ్లవుజును కూడా చీల్చుకుని దిగుతుంది. సాయంత్రానికి వేళ్ల చివర్లు నానిపోయి తెల్లబడతాయి. రాత్రి కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుని పడుకుంటారు, మర్నాడు మళ్లీ అవే వేళ్లు ఐసులో పెట్టాలి కాబట్టి.

వీళ్లలో చాలామందికి కూలి కిలోల లెక్కన. నెలలో ఎన్ని రోజులు పనికి వెళ్లారో తెలియాలంటే ఇంట్లో గోడ క్యాలెండర్ చూడాల్సిందే. వెళ్లిన రోజుకు పెన్నుతో ఒక టిక్కు, కూలీలను పనికి తెచ్చే మేస్త్రీ డబ్బులిచ్చిన రోజుకు ఒక సున్నా. వాళ్లు పని చేశారనడానికి ఉన్న రుజువు అంతే. ఫ్యాక్టరీని అడిగితే మేస్త్రీ మనుషులంటారు, మేస్త్రీని అడిగితే ఫ్యాక్టరీ ఇంకా ఇవ్వలేదంటాడు. ఈ ఇద్దరి మధ్య ఒక మనిషి కష్టం లెక్కలోకే రాకుండా పోతోంది. మా అభ్యంతరం ఇక్కడే.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకులో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు అతిపెద్ద గిరాకీ అక్కడే, దేశం నుంచి వెళ్లే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. దాంతో గోదావరి డెల్టా అంతా టెన్షన్ పడింది. కౌంట్ల (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) ధరలు, కంటైనర్లు, ఆగిన ఆర్డర్ల గురించి అందరూ మాట్లాడారు. మేమూ రాశాం. పొట్టు ఒలిచే పీలింగ్ షెడ్డులో మనిషికి మాత్రం సుంకం వేరే రూపంలో అందుతుంది. ముందు రోజు రాత్రి మేస్త్రీ నుంచి ఫోన్ రాదు. రాకపోతే మర్నాడు పని లేనట్టే. ఉద్యోగంలోకి తీసుకున్న కాగితమే లేనప్పుడు తీసేసిన కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

రొయ్యల చెరువు రైతు సుఖంగా ఉన్నాడని మేం అనడం లేదు. మేత ధర కంపెనీ చెబుతుంది, పట్టుబడి రోజున రొయ్య ధరా కంపెనీలే చెబుతాయి. మేత అమ్మడం, సరుకు కొని ఎగుమతి చేయడం రెండూ ఒకే గూటి కింద ఉన్న సంస్థలూ ఉన్నాయి. మధ్యలో వైరస్ వస్తే మాత్రం ఆ నష్టం రైతుది, అందునా ఎక్కువగా లీజుదారుది. అయినా రైతుకు తన బాధ చెప్పుకునే దారి ఒకటుంది. వరి గిట్టుబాటు కావడం లేదని 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటిస్తే దేశమంతా ఇటు చూసింది. ఆ సీజన్‌లో నాట్లు లేక కూర్చున్న కూలీలను ఎంతమంది చూశారు?

ఆ నాట్లు కూడా ఇప్పుడు చాలా ఊళ్లలో లేవు. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక వరి చేలు వేగంగా చెరువులయ్యాయి. వరి ఉన్నప్పుడు నాటుకు, కలుపుకు, కోతకు ఆడవాళ్లను పిలిచేవారు. చెరువుకు మేత జల్లేవాడు, రాత్రి కాపలా కాసేవాడు ఉంటే చాలు. చేలో పని పోయిన మనిషికి మిగిలినవి పీలింగ్ షెడ్డు లేదంటే గల్ఫ్‌లో ఇంటిపని. నరసాపురం వైపు లేసు ఉంది, దానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే దారం ఇచ్చేది ఏజెంటు, అల్లినది పట్టుకెళ్లేదీ ఏజెంటే. తరాలుగా అరుగు మీద కూర్చుని అల్లిన చేతులకు ఏ రిజిస్టరులోనూ పేరు దక్కలేదు. షెడ్డులో ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

రిజిస్టరులో పేరు ఉండటం ఎంత అవసరమో ప్రమాదం జరిగిన రోజున తెలుస్తుంది. 2017 మార్చిలో మొగల్తూరు దగ్గర ఒక ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి ఐదుగురు ఊపిరాడక చనిపోయారు. అలాంటి చోట ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) నంబరు లేని మనిషి పోతే ఆ కుటుంబానికి నెలనెలా అందే హక్కైన పింఛను ఉండదు. ఎవరో ఇచ్చే ఎక్స్‌గ్రేషియా కోసం శవాన్ని గేటు ముందు పెట్టుకుని కూర్చోవాలి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర లేబర్ కోడ్‌లు (కొత్త కార్మిక చట్టాలు) ప్రతి కార్మికుడికీ నియామక పత్రం, వేతన చీటీ ఇవ్వాలంటున్నాయి. దాన్ని మేం మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. కానీ అవే కోడ్‌లు ఇంకోవైపు తలుపు తీశాయి. కాంట్రాక్టు కూలీలపై 1970 నాటి కేంద్ర చట్టం 20 మంది కాంట్రాక్టు కూలీలుంటే వర్తించేది, ఇప్పుడు ఆ సంఖ్య 50. కూలీలను ముప్ఫైమంది చొప్పున పంచుకునే మేస్త్రీకి ఇక లైసెన్సు కోసం ఎవరి గుమ్మం ఎక్కాల్సిన పని లేదు. పైగా రోజుకు గరిష్ఠ పనిగంటలను 9 నుంచి 10కి పెంచేందుకు రాష్ట్ర మంత్రివర్గం 2025లోనే ఆమోదం తెలిపింది. తొమ్మిది గంటలకే నానిపోతున్న వేళ్లను పదో గంట కూడా ఐసులో ఉంచమనడాన్ని మేం ఒప్పుకోలేం.

సుంకాల దెబ్బ తగిలిన ఎగుమతిదారులకు 20,000 కోట్ల రూపాయల వరకు అదనపు రుణం అందేలా కేంద్రం 2025 నవంబర్‌లో హామీ పథకం తెచ్చింది. ఫ్యాక్టరీ నిలబడితేనే పని ఉంటుంది, కాదనం. అయితే ప్రజల సొమ్ము పూచీగా పెట్టి రుణం ఇచ్చేటప్పుడు ఒక్క షరతైనా పెట్టాలి. షెడ్డులో కూర్చున్న ప్రతి మనిషి పేరూ, మేస్త్రీ ఎవరైనా సరే, ఫ్యాక్టరీ సొంత మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఉండాలి. కూలి నేరుగా ఆమె ఖాతాలో పడాలి. మేస్త్రీ కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. పేరే లేకపోతే ఆ బాకీ ఎవరికి కట్టిస్తారు?

కార్మిక శాఖ దీన్ని ఈ పట్టుబడి సీజన్‌లోనే మొదలుపెట్టవచ్చు. కబురు పెట్టి పగలు పదకొండింటికి ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కూర్చుంటే అక్కడ కనిపించేది సిద్ధం చేసి ఉంచిన రిజిస్టరే. అధికారులు తెల్లవారుజామున నాలుగింటికి వ్యాన్లు ఆగే సెంటర్లకు వెళ్లాలి. ఎక్కుతున్న ఆడవాళ్ల పేర్లు రాసుకుని, ఆ వ్యాన్ల వెనకే ఫ్యాక్టరీ గేటు దాకా పోవాలి.