మేకను వీసా అడగని సముద్రం

ఇరాన్‌కూ గల్ఫ్ సముద్రం అవతలి ఒడ్డు అరబ్బు దేశాలకూ పడదని పేపర్లో చదివి టెన్షన్ పడేవాళ్లు కాస్త స్థిమితపడాలి. అది చాలా పద్ధతి గల తగాదా.

ముందు గట్టు గొడవ. 1971 నవంబర్ 30న, యూఏఈ పుట్టడానికి రెండు రోజుల ముందు, ఇరాన్ రాజు షా సేనలు ఆ సముద్రంలోని అబూ మూసా ద్వీపంలోనూ రెండు తుంబ్ ద్వీపాల్లోనూ దిగాయి. బిడ్డ పుట్టకముందే ఆస్తి తగాదా సిద్ధం. అయితే అబూ మూసా గురించి ఇరాన్, తర్వాత యూఏఈలో భాగమైన షార్జా అప్పటికే ఒక కాగితం రాసుకున్నాయి: ద్వీపం నాదన్న మాట ఎవరూ వదులుకోరు, చమురు డబ్బు మాత్రం చెరిసగం. నేల ఎవరిదో తేలలేదు గానీ నూనె ఎవరిదో చక్కగా తేలింది. సెంటు గట్టు కోసం మూడు తరాలు కోర్టుకు తిరిగే మన రైతులకు ఈ ఉపాయం చెప్పే ప్లీడరు దొరకలేదు. దొరికితే ప్లీడరు ఏం తినాలి?

తర్వాత పేరు. అది పర్షియన్ గల్ఫా, అరేబియన్ గల్ఫా? 2010లో ఇరాన్‌లో జరగాల్సిన ఇస్లామిక్ సంఘీభావ క్రీడలు పతకాల మీద ‘పర్షియన్ గల్ఫ్’ అని ఉన్నందుకే రద్దయ్యాయి. సంఘీభావం అంతటిది. కరీంనగర్, నిజామాబాద్ జనం ఈ చిక్కును ఎప్పుడో విప్పేశారు. వాళ్లకది వట్టి గల్ఫ్. మనిషి మస్కట్ వెళ్లినా, కువైట్ వెళ్లినా ఊళ్లో ‘దుబాయ్ పోయిండు’ అంటారు.

2016లో టెహ్రాన్‌లోని సౌదీ రాయబార కార్యాలయం మీద దాడి జరిగాక యూఏఈ తన రాయబారిని వెనక్కి పిలిచింది. ఆయన మళ్లీ 2022లో గానీ వెళ్లలేదు. రాయబారి కుర్చీ ఖాళీగా ఉన్న ఆ ఆరేళ్లూ దుబాయ్ రేవుల నుంచి ఇరాన్‌కు సరుకు వెళ్తూనే ఉంది. అదే యూఏఈ 2017లో సౌదీతో కలిసి ఖతార్‌ను వెలివేసి, ‘ఇరాన్‌తో సంబంధాలు తగ్గించుకో’ అని షరతు పెట్టింది. ఖతార్‌కు ఇరాన్ కూరగాయలు విమానాల్లో పంపింది. మూడు నెలలు తిరక్కుండానే ఖతార్ తన రాయబారిని టెహ్రాన్‌కు తిరిగి పంపింది!

నన్నడిగితే వీళ్లందరి కంటే అనుభవం గల దౌత్యవేత్త మేక. ఒమన్‌లోని ఖసబ్ రేవుకు ఏళ్ల తరబడి ఇరాన్ నుంచి స్పీడుబోట్లలో మేకలు వచ్చేవి. అవే బోట్లు సిగరెట్లు, టీవీలు నింపుకుని హార్ముజ్ జలసంధి దాటి తిరిగి వెళ్లేవి. ఖసబ్‌లో అది వ్యాపారం, ఇరాన్ ఒడ్డున దొంగసరుకు. నడిసముద్రంలో ఏ అల దగ్గర సిగరెట్టు పెట్టె నేరస్థురాలవుతుందో ఏ న్యాయశాస్త్రమూ చెప్పలేదు. మేకకు ఆ బాధ కూడా లేదు, దానిది వన్‌వే టికెట్టు.

కాబట్టి ఈసారి శాంతి చర్చలు ఏ పెద్ద హోటల్లోనో కాక ఖసబ్ రేవులో, పొద్దున్నే పెట్టాలని నా ప్రతిపాదన. తుది ప్రకటనలో ద్వీపాల పేరా పాతదే అతికించుకోవచ్చు. మధ్యాహ్నానికి బిర్యానీ సంగతి బోట్లు చూసుకుంటాయి. జ్ఞాపికలు ఇస్తే మాత్రం వాటి మీద ఏమీ రాయకండి.