మందు కాని మాత్ర గారికి

మహారాజశ్రీ మోకాళ్ల గుజ్జు మాత్రల డబ్బా గారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నం సూర్యారావుపేటలో తమరిని కొన్నప్పుడు నాకు దక్కిన మర్యాద గురించి ఈ ఉత్తరం. దుకాణం బోర్డు మీద 'అన్ని మందులపై 20 శాతం తగ్గింపు' అని ఉంది. అమ్మ బీపీ మాత్రలకు తగ్గించారు, గ్యాస్ మాత్రలకూ తగ్గించారు. బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన తమరికి మాత్రం పైసా తగ్గలేదు. ఎందుకని అడిగితే కౌంటర్‌లోని కుర్రవాడు తల ఎత్తకుండానే చెప్పాడు: "అది మందు కాదండి."

మందు కాదా! తమరిని రాసింది డాక్టరు. బీపీ మాత్ర కిందనే, అదే చీటీ మీద, భోజనం తర్వాత రోజుకు రెండని రాశారు. అమ్మింది మందుల దుకాణం. పెట్టె ముందువైపు మెరిసే మోకాలి చిప్ప, పక్కనే పరుగెత్తుతున్న ఆసామి. వెనక్కి తిప్పి, కళ్లజోడు సర్దుకుని వెలుతురులో పెడితే, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో కుర్రవాడి మాటే ఉంది: మందుగా వాడేందుకు కాదు.

ఎంత సుఖమైన కొలువండీ తమది! నొప్పి తగ్గితే తమ ప్రతాపం, తగ్గకపోతే అమ్మ వయసు. మందయితే పనిచేస్తానని నిరూపించుకోవాలి. మందు కాక ఆహారం లెక్కలో అమ్ముడయ్యే తమరికి ఆ బెడద లేదు. అయినా పరీక్షించినవారు లేకపోలేదు. మోకాళ్లు అరిగిన 1,583 మందిపై అమెరికాలో జరిపిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోనే నూటికి అరవై మందికి నొప్పి తగ్గింది. తమ డబ్బాలోని సరుకైన గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిసి బరిలోకి దిగినా, మొత్తం మీద ఆ ఉత్తుత్తి మాత్రను చెప్పుకోదగ్గంతగా దాటలేకపోయాయి. 2019లో అక్కడి కీళ్ల వైద్యుల సంఘం మోకాళ్లకు తమరిని వాడవద్దనే గట్టిగా చెప్పింది. వ్యాయామం చేయమంది, బరువు తగ్గమంది. అవి డబ్బాలో పట్టవు కదా, చీటీకెక్కలేదు.

గ్లూకోసమైన్ ఎక్కువగా రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారన్న సంగతి మా శాకాహారి అమ్మకు ఇంకా చెప్పలేదు. కార్తీకమాసం వెళ్లనివ్వండి.

ఇక మర్యాద నా వల్ల కాదు. మందువి కాకపోతే మందుల బీరువాలో నీకేం పని? పోయి కిరాణా కొట్లో కందిపప్పు పక్కన కూర్చో. దాని ధర చూసైనా కాస్త సిగ్గు తెచ్చుకో. "గుజ్జు మళ్లీ పెరుగుతుందమ్మా, దసరాకు కొండ మెట్లెక్కేస్తారు" అని మా అమ్మకు నీ పేరు చెప్పి ఆశపెట్టారే, ఆ మాట ఇచ్చింది మందా, ఆహారమా? దసరా వచ్చింది, వెళ్లింది. రద్దీ తగ్గాక అమ్మను బస్సులోనే కొండపైకి తీసుకువెళ్లాను. దిగేటప్పుడు రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ముందు కుడికాలు దించి, ఎడమకాలు కూడా అదే మెట్టు మీదికి తెచ్చి, ఊపిరి తీసుకుని, అప్పుడు తర్వాతి మెట్టు. వెనక జనం తొందరపెడుతుంటే "వస్తున్నా నాయనా" అంటోంది. అప్పటికి ఆమె కడుపులో పొద్దుటి మాత్ర ఉంది. ఏం చేస్తున్నావక్కడ?

నీ పాత డబ్బా ఒకటి మా వంటింట్లో ఉంది. మూత బాగా బిగుస్తుందని అమ్మ అందులో ఇంగువ పోసుకుంది. దానిని మాత్రం నేనేమీ అనను. పెట్టె వెనక రాసిన మాటకు కట్టుబడింది అదొక్కటే.

ఇట్లు,
పూర్తి ధర చెల్లించిన విధేయుడు,
విజయవాడ.