పావుగంట రౌండింగ్ గారికి 6:53 రాయు ఉత్తరం

రౌండింగ్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు, నా పని టైముని దగ్గరి పావుగంటకి సర్దేస్తూ రెండు వారాలకోసారి నా పే స్టబ్‌లో, అంటే జీతం చీటీలో, కనిపిస్తూనే ఉన్నారు.

నేను అమెరికాలో ఒక వేర్‌హౌస్‌లో గంటల లెక్కన పనిచేస్తాను. పొద్దున ఏడింటికి షిఫ్టు ఎక్కడం, మధ్యాహ్నం మూడున్నరకి దిగడం, మధ్యలో జీతం లేని అరగంట లంచ్. తలుపు పక్కన గోడకి మీ గడియారం ఉంది. దాని ముందు బ్యాడ్జి పెడితే కీచుమని అరిచి, పచ్చటి అంకెల్లో 6:53 అని చూపిస్తుంది. మొదట్లో ఆ అంకెలు చూసి మురిసిపోయాను. ఒక్క నిమిషం కూడా పోనివ్వట్లేదు, ఎంత నిజాయితీ అనుకున్నాను. అది రాసుకునేదొకటి, మీరు చదివేదొకటి అని తర్వాత తెలిసింది. 6:53ని మీరు 7:00 అని చదువుతారు. 3:37ని 3:30 అని చదువుతారు. కళ్ళజోడు మార్పించుకోమని ఎవరూ చెప్పలేదా అండీ?

మీ పద్ధతి చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది, ఒప్పుకుంటాను. పావుగంట దాటాక ఏడు నిమిషాల దాకా వెనక్కి, ఎనిమిదో నిమిషం నుంచి ముందుకి. 7:07కి వచ్చినవాడు 7:00కే వచ్చినట్టు, 7:08కి వచ్చినవాడు 7:15కి వచ్చినట్టు. పైకి ధర్మకాటాలాగే ఉంటుంది. ఓరోజు మీకు, ఓరోజు నాకు, చివరికి చెల్లుకు చెల్లు.

ఆ 'ఓరోజు నాకు' ఎప్పుడొస్తుందో అదీ కాస్త చెప్పండి. 7:05కి వచ్చాననుకోండి, జీతం దగ్గర మీరు ఉదారంగా 7:00 అంటారు. అటెండెన్స్ వాళ్ళ దగ్గరికి మాత్రం ఆ 7:05 చెక్కుచెదరకుండా వెళ్తుంది. లేటు, అర పాయింటు. పాయింట్లు నిండితే వార్నింగు, ఆ పైన ఇంటికి. పోనీ ముందే వద్దామా? 6:52కి కొడితే మీ లెక్కలోనే 6:45 అవ్వాలి, నాకు ఏడు నిమిషాలు కలిసి రావాలి. కానీ 6:52కి గడియారం బ్యాడ్జి తీసుకోదు. సూపర్‌వైజర్ అనుమతి కావాలని ఎర్ర అక్షరాలు చూపిస్తుంది. 6:53 అయ్యిందో లేదో పచ్చబడిపోతుంది. అంటే నేను భయం లేకుండా లోపలికి రాగలిగేది సరిగ్గా మీరు మింగే ఆ ఏడు నిమిషాల్లోనే. నా లేటు నిమిషాలతో సహా గుర్తుంటుంది, నా పని పావుగంటల్లోనే గుర్తుంటుంది. ఇంత చక్కటి మతిమరుపు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ ఏడు నిమిషాలూ ఊరికే నిలబడి ఉంటాననుకునేరు. వెస్ట్ తొడుక్కోవాలి, చార్జింగ్ ఉన్న స్కానర్ వెతుక్కోవాలి (ర్యాక్‌లో పది ఉంటే నాలుగు చచ్చి ఉంటాయి), లాగిన్ అవ్వాలి. ఏడయ్యేసరికి మొదటి పెట్టె చేతిలో ఉండాలి. మూడున్నరకి బండి మీద ఇంకా పెట్టెలుంటే సర్ది, స్కానర్ తిరిగి పెట్టి రావాలి. అదంతా మీ లెక్కలో గాలి.

మా పక్క వరసలో ఒక పెద్దాయన ఉన్నారు, తెలుగువాళ్ళందరికీ బాబాయే. లంచ్‌లో జేబులోంచి చిన్న నోటుబుక్ తీసి ఏదో రాస్తుంటే అడిగాను.

"ఏం బాబాయ్, ఇంటి పద్దులా?"

"పద్దులేనమ్మా. వాళ్ళు తుడిచేసినవి."

పేజీ నిండా రోజువారీ పంచ్‌లు, అంటే బ్యాడ్జి కొట్టిన టైములు. అడుగున కూడిక. రోజుకి 14 నిమిషాలు, వారానికి 70, ఏడాదికి 50 వారాలు వేసుకుంటే 3,500 నిమిషాలు. అంటే 58 గంటల 20 నిమిషాలు. ఎనిమిది గంటల రోజులైతే ఏడు దాటుతాయి. నేను ఆశ్చర్యపోతుంటే ఆయన పెన్నుతో ఇంకో గీత గీశారు. "వారానికి మన నలభై గంటలు ఎలాగూ నిండుతున్నాయి కదమ్మా. ఇదంతా ఆ పైన చేసింది. ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి." అప్పుడది 87న్నర గంటల జీతం. నాకా రోజు లంచ్ దిగలేదు.

హెచ్‌ఆర్ మేడమ్‌ని అడిగితే, "ఫెడరల్ రూల్సే ఒప్పుకున్నాయి కదా" అన్నారు. నిజమే, చదివాను. 1961 నాటి రూలది. టైముని ఐదు నిమిషాలకో, గంటలో పదో వంతుకో, పావుకో దగ్గరగా రాసుకోవడం చాలా ఏళ్ళుగా ఉన్న అలవాటేనని అందులో ఉంది. ఆ తర్వాత ఒక వాక్యం 'ప్రిజ్యూమబ్లీ' అని మొదలవుతుంది. సగటున లెక్క సరిపోతుందని, ఉద్యోగికి పూర్తి జీతం అందుతుందని, బహుశా! మా బియ్యం, బిల్లులు అన్నీ ఒక్క బహుశా మీద నడుస్తున్నాయని అప్పుడే తెలిసింది. దాని వెనకే, కొంతకాలం మీద చూస్తే పనిచేసిన టైముకి జీతం తగ్గకూడదన్న షరతు కూడా ఉంది. మేడమ్ ఆ వాక్యం దాకా వచ్చినట్టు లేరు. వాక్యాలని కూడా రౌండ్ చేస్తారేమో.

మీ పుట్టుక మీద నాకు కోపం లేదు లెండి. 1888లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్‌లో విల్లర్డ్ బండీ అనే నగల వ్యాపారి హాజరు గడియారం తయారుచేశాడు. ఆ తరం గడియారాల కంపెనీలే చేతులు మారి, కలిసి, చివరికి ఐబీఎమ్‌లో తేలాయి. అప్పట్లో గుమాస్తా వందల కార్డులు ముందేసుకుని పెన్సిల్‌తో కూడాలి. ఆయనకి 6:53లూ 3:37లూ ఇస్తే తెల్లవారిపోతుంది. పావుగంటలైతే తేలిక. ఆ గుమాస్తా పోయి ఎన్నేళ్ళయింది! ఇప్పుడు అన్నీ కూడేది కంప్యూటరే, దానికి 6:53 అయినా 7:00 అయినా ఒకే కష్టం. మీరు మాత్రం చుట్టపుచూపుగా వచ్చి మంచం వేసేసుకున్నారు.

కాలిఫోర్నియాలో మీకు కాస్త గడ్డుకాలమని విన్నాను. అక్కడ ఒక కేసులో పది నిమిషాలకి రౌండ్ చేసే మీ తమ్ముడు 11:02 నుంచి 11:25 దాకా తిన్న లంచ్‌ని 11:00 నుంచి 11:30 అని రాసేవాడట. ఇరవై మూడు నిమిషాలు తిని అరగంట తిన్నట్టు! లంచ్ దగ్గర ఈ ఆటలు కుదరవని 2021లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది అక్కడి అప్పీల్ కోర్టులో, నాలుగున్నరేళ్ళలో 470 నిమిషాలు పోగొట్టుకున్న ఒక ఉద్యోగి కేసు నడిచింది. నిమిషాలు కచ్చితంగా తెలిసి కూడా రౌండ్ చేయడమేమిటని కోర్టు అడిగింది. అది పైకోర్టుకెక్కింది. బాబాయ్‌కి ఆ 470 అంకె చెబితే నవ్వి, "మనకది ఏడు వారాలు కూడా రాదమ్మా" అన్నారు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం మొన్నటి గురువారం. బండి మీద చివరి పెట్టె సర్ది, స్కానర్ పెట్టి, గడియారం దగ్గరికి వచ్చేసరికి 3:38 చూపిస్తోంది. నేనేం కాచుకుని కూర్చోలేదు, నిజంగానే అంతసేపు పట్టింది. బ్యాడ్జి పెట్టాను. మీ రూలు ప్రకారం 3:45. ఇన్నాళ్ళకి నా వంతు వచ్చిందని, పార్కింగ్ దాకా ఈలొక్కటే తక్కువగా వెళ్ళాను.

మర్నాడు సూపర్‌వైజర్ పిలిచాడు. అనుమతి లేని ఓవర్‌టైమ్ అట. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు. నిన్నటి గడిలో 3:30 ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో, 'ఎడిటెడ్'.

అప్పుడు మీరెక్కడికెళ్ళారండీ?

ఇట్లు,
6:53