గేటు తీయండి, గట్టు ఇవ్వండి: కర్నూలుకు పరుగు బాట కావాలి

మన పట్టణాల్లో పార్కు అంటే ఒకసారి చూసి రావడానికి కట్టిన చోటు. ఎత్తయిన ప్రహరీ, ముఖద్వారం, ఫౌంటెన్, నాలుగు సిమెంటు జంతువులు, రాత్రిపూట రంగు దీపాలు, ఇలా ప్రారంభోత్సవం నాటి ఫొటోకు కావలసినవన్నీ అందులో సమకూరుతాయి. తెల్లవారుజామున లేచి అరగంట పరుగెత్తాలనుకున్న మనిషికి కావలసినవి రెండే. గేటు తెరిచి ఉండాలి, కాలి కింద మెత్తని మట్టి బాట ఉండాలి. ఆ రెండే అరుదుగా దొరుకుతాయి. అందుకే కర్నూలుకు ఇంకో అలంకార పార్కు అక్కర్లేదని, ఉన్న పార్కుల గేట్లను ఎక్కువసేపు తెరిచి ఉంచాలని, నగరం గుండా పోయే కర్నూలు-కడప కాలువ (కేసీ కెనాల్) గట్టును నడిచేవాళ్లకూ పరుగెత్తేవాళ్లకూ అందుబాటులోకి తేవాలని గట్టిగా చెప్పదలచుకున్నాను.

ఒంటికి పని తగ్గితే వచ్చే నష్టం గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేపట్టిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడినప్పుడు దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారని తేలింది. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు. మగవారిలో ఇది 42 శాతం ఉంటే ఆడవారిలో 57 శాతం ఉంది. ప్రతి డాక్టరూ చీటీ రాస్తూ ‘రోజూ నడవండి’ అంటారు. ఎక్కడ నడవాలో చెప్పవలసిన బాధ్యత నగరపాలక సంస్థలది. 1992 నాటి రాజ్యాంగ 74వ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాల కల్పన పట్టణ సంస్థలు చేయదగిన పనుల్లో పేరుపెట్టి ఉంది.

కర్నూలులో పరుగెత్తేవాళ్లు లేరని, పరుగు పెద్ద నగరాల సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సరదా అని అనుకునేవాళ్లు ఒక్కసారి తెల్లవారుజామున ఊరి చివరి రోడ్ల వైపు వెళ్లి చూడాలి. పోలీసు కానిస్టేబుల్ ‘ఈవెంట్స్’కు (దేహదారుఢ్య పరీక్షలకు), సైన్యంలో అగ్నివీర్ ఎంపికలకు సిద్ధమయ్యే పిల్లలు అక్కడ గుంపులుగా కనిపిస్తారు. కానిస్టేబుల్ పరీక్షలో అబ్బాయిలు 1600 మీటర్లను 8 నిమిషాల్లో, అమ్మాయిలు 10 నిమిషాల 30 సెకన్లలో దాటాలి. అగ్నివీర్‌లో పరుగుకు పూర్తి మార్కులు కావాలంటే 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో ముగించాలి. వీళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటున్నవాళ్లు. ఒకరి ఫోన్‌లో స్టాప్‌వాచ్, అందరికీ కలిపి ఒకే నీళ్ల సీసా, వెలిసిపోయిన బూట్లు, పక్కనుంచి దూసుకుపోయే లారీల గాలి. ఒక అమ్మాయి పరుగెడుతుంటే ఆమె తండ్రి బండి మీద నెమ్మదిగా వెనక వస్తూ హెడ్‌లైటుతో దారి చూపుతుంటాడు. కూతురికి వెలుతురు కోసం, తోడు కోసం ఆ తండ్రి చేస్తున్న పనిలో సగమైనా ఒక మున్సిపాలిటీ చేయలేదా?

ఈ పిల్లల గురించి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఉద్యోగం వస్తే ఆ పరుగు అక్కడితో ఆగిపోతుంది, రాకపోయినా ఆగిపోతుంది. ఎంపిక కోసమే పరుగెత్తిన కాళ్లకు ఆ తర్వాత పరుగెత్తడానికి కారణమూ ఉండదు, చోటూ ఉండదు. ఇరవై రెండేళ్ల వయసులో 1600 మీటర్లను ఆరు నిమిషాల్లో ముగించిన కుర్రాడు నలభై ఏళ్లకు బీపీ మాత్రలు వేసుకుంటూ మెట్లెక్కడానికి ఆయాసపడటం మనం చూస్తున్నదే. ఏ పరీక్షా లేకుండా, ఏ పతకమూ ఆశించకుండా, ఒంట్లో హాయి కోసం ఊరికే పరుగెత్తే అలవాటు ఒక ఊళ్లో నిలవాలంటే, ఆ అలవాటుకు ఇంటి నుంచి పది నిమిషాల దూరంలో చోటు ఉండాలి.

ఉన్న పార్కుల్లో ఆ చోటు ఎందుకు దొరకదో కొలిచి చూస్తే తెలుస్తుంది. మన కాలనీ పార్కుల్లో నడక బాట చుట్టుకొలత 200 మీటర్లు ఉంటే అది పెద్ద పార్కే. అక్కడ అయిదు కిలోమీటర్లు పరుగెత్తాలంటే 25 చుట్లు తిరగాలి, అంటే నాలుగు మూలలున్న బాట మీద వంద సార్లు మలుపు తీసుకోవాలి. బాట వెడల్పు ఇద్దరు పక్కపక్కన నడిచేంత. దాని మీద ఇంటర్‌లాకింగ్ టైల్స్ పరిచి ఉంటాయి. వేపచెట్టు వేరు లోపలి నుంచి తోసినచోట టైల్ ఒక అంచు పైకి లేస్తుంది. వాన పడితే నీడ ఉన్న వైపు పాచి పడుతుంది. ముందు నడుస్తున్న ఇద్దరు పెద్దావిడలను దాటాలంటే గడ్డిలోకి దిగాలి, గడ్డి మీద నడవరాదని బోర్డు ఉంటుంది. ఈవెంట్స్ పిల్లలను అడిగితే సిమెంటు మీద రోజూ పరుగెత్తితే ‘షిన్ పెయిన్’ (మోకాలి కింద ముందు ఎముక నొప్పి) పట్టుకుంటుందని, మట్టి నేల కోసమే అంత దూరం పోతున్నామని చెబుతారు. టైల్స్ కంటే మట్టి బాటకు ఖర్చు తక్కువ. గుండ్రాళ్లు ఏరి, ఎర్రమట్టి పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పితే చాలు. అయినా ప్రతి అంచనా పత్రంలో టైల్సే ముందుంటాయి.

ఇక వేళల సంగతి. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పొద్దు ఆరు గంటల ప్రాంతంలోనే పొడుస్తుంది, ఎనిమిదికల్లా బయట నిలబడలేం. ఈ ఊళ్లో పరుగుకు పనికొచ్చే సమయం నాలుగున్నర నుంచి ఏడు దాకా, మళ్లీ రాత్రి ఏడు తర్వాత. గేటుకు తాళం ఉండేది సరిగ్గా ఆ వేళల్లోనే. ఉదయం గేటు తీసేవాడు వచ్చేసరికి పరుగు సమయంలో సగం అయిపోతుంది, రాత్రి భోజనాల వేళకు విజిల్ వేసి అందరినీ బయటికి పంపేస్తారు. దుకాణంలో పనిచేసే మనిషి, ఆసుపత్రిలో షిఫ్టు ముగించుకున్న నర్సు, పిల్లలను పడుకోబెట్టాక కాస్త తీరిక దొరికిన ఇల్లాలు, వీళ్లెవరూ పార్కు వేళలకు సరిపోరు. పార్కు ఉదయం నాలుగున్నర నుంచి రాత్రి పది దాకా తెరిచి ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక తీర్మానం, రెండో కాపలాదారు జీతం, చాలినన్ని దీపాలు చాలు.

గేట్లు అంతసేపు తెరిస్తే తాగుబోతులు చేరతారని, దీపాలు, కుళాయిలు పగలగొడతారని, పరుగెత్తే కుర్రాళ్లు వృద్ధులను గుద్దుతారని కొందరు అంటారు. భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయను. కానీ తాగేవాళ్లు చేరేది మనుషులు లేని చోటుకే. రాత్రి తొమ్మిదికి యాభై మంది నడుస్తున్న పార్కులో సీసా తీసే ధైర్యం ఎవరికీ ఉండదు. గుద్దుకోవడం సంగతికొస్తే, నడిచేవాళ్లకు లోపలి వరుస, పరుగెత్తేవాళ్లకు బయటి వరుస గీస్తే తీరిపోతుంది. పక్కనే బెంగళూరు ఇందిరానగర్‌లో 2024లో ఒక పార్కు దగ్గర జాగింగ్ చేయరాదని, ఎదురుదిశలో నడవరాదని పెట్టిన బోర్డు దేశమంతా చర్చకు వచ్చింది. నియమం పెట్టాల్సి వచ్చిన ప్రతిచోటా నిషేధం పెట్టడం సులువుగా కనిపిస్తుంది. సులువుగా కనిపించడం వల్లే అది మన దగ్గరకూ వస్తుంది.

నిర్వహణకు డబ్బు లేదు కాబట్టి ప్రవేశ రుసుము, నెలవారీ పాసు పెడదామన్న మాటా అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఆ దారి ఎక్కడికి పోతుందో ఇంగ్లండ్‌లో ఒక ఊరు చూసింది. 2004లో లండన్‌లోని బుషీ పార్కులో కొద్దిమందితో మొదలైన పార్క్‌రన్, ప్రతి శనివారం ఉదయం అయిదు కిలోమీటర్ల ఉచిత పరుగుగా ఎన్నో దేశాలకు పాకింది. వాలంటీర్లే నడుపుతారు, ఎవరైనా రావచ్చు, నడిచినా ఫర్వాలేదు. 2016లో స్టోక్ గిఫర్డ్ స్థానిక మండలి లిటిల్ స్టోక్ పార్కు నిర్వహణకు డబ్బు కావాలంటూ ఈ పరుగుకు రుసుము అడిగింది. ఉచితమన్న సూత్రాన్ని వదులుకోలేక నిర్వాహకులు అక్కడ పరుగునే ఆపేశారు. మండలికి రుసుము రాలేదు, ఊరికి శనివారం ఉదయమూ మిగల్లేదు. ఇలాంటి కార్యక్రమానికి నిజంగా పెద్ద ఖర్చేమీ ఉండదు. కర్నూలులో వారానికోసారి ఒక ఉదయం గేటు తీసి, దూరం కొలిచి సున్నం గీస్తే, పరుగెత్తేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

ఇంతవరకు చెప్పింది ఉన్నదాన్ని సరిగ్గా వాడుకోవడం గురించి. అసలు అవకాశం మన కళ్లెదుట పారుతోంది. కర్నూలు-కడప కాలువను 1863 నుంచి 1870 వరకు మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది, 1882లో ప్రభుత్వం కొన్నది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి, కర్నూలు నగరం మీదుగా, హంద్రీ నదిని దాటి, కడప దాకా మూడు వందల కిలోమీటర్లు పోతుంది. సాగునీటితోపాటు పడవల రాకపోకలకు కూడా ఉద్దేశించిన కాలువ ఇది. నేల మట్టాన్ని అనుసరించి తవ్వింది కాబట్టి దాని గట్టు ఎత్తుపల్లాలు లేకుండా సాగుతుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాడికీ, మోకాళ్ల నొప్పులతో నడిచే పెద్దమనిషికీ ఇంతకంటే అనువైన నేల లేదు. కాలువ పొడుగునా ఒకవైపు నీళ్లే కాబట్టి అటునుంచి వాహనం దూసుకొచ్చే భయం లేదు. 25 చుట్లు తిరగాల్సిన పని లేకుండా రెండున్నర కిలోమీటర్లు వెళ్లి వెనక్కి వస్తే అయిదు కిలోమీటర్లు పూర్తవుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, గట్టు ఒక్క కాలనీ సొత్తు కాదు. పార్కు సాధారణంగా స్థలం ధర పలికే కాలనీల్లో వెలుస్తుంది. కాలువ ధర చూసి పోదు, పేదల ఇళ్ల వెనక నుంచీ పోతుంది, ఉద్యోగుల ఇళ్ల ముందు నుంచీ పోతుంది.

ఏటా వినాయక నిమజ్జనం రోజున వినాయక ఘాట్ దగ్గర ఈ కాలువ ఒడ్డుకు నగరమంతా కదిలి వస్తుంది. దీపాలు వెలుగుతాయి, బారికేడ్లు కడతారు, గజ ఈతగాళ్లు సిద్ధంగా ఉంటారు, గట్టు శుభ్రమవుతుంది. ఒక్క రోజు కోసం అన్ని శాఖలూ కలిసి చేయగలిగిన పని ఇది. మర్నాటి నుంచి అదే కాలువ నగరపు మురుగును, చెత్తను మోస్తుంది. మన ఊరి నీటి అంచును పండుగ రోజు దేవుడికి, మిగతా రోజులన్నీ చెత్తకు ఇచ్చేశాం. ఆ అంచున రోజూ ఉదయం అయిదు వందల మంది నడిస్తే, చెత్త పోసే ట్రాక్టరు అక్కడ ఆగడానికి జంకుతుంది. ఏ సీసీ కెమెరా చేయలేని కాపలాను నడిచేవాళ్లు చేస్తారు.

ఇక్కడ అడ్డు వచ్చేది డబ్బు కంటే ముందు యాజమాన్యం. గట్టు జలవనరుల శాఖది, దీపం వేయాల్సింది కార్పొరేషన్, గస్తీ తిరగాల్సింది పోలీసులు. మా పరిధి కాదన్న ఒక్క మాటతో ఫైలు ముగ్గురి మధ్యా ఏళ్ల తరబడి తిరగగలదు. గట్టు మీద నడక బాట వేస్తే కాలువకు హాని అన్న అభ్యంతరం వస్తుంది. తనిఖీ బాటకు కావలసిన గట్టితనమూ, పరుగు బాటకు కావలసిన గట్టితనమూ ఒకటే కాబట్టి ఆ అభ్యంతరం నిలవదు. జీపు పోగలిగిన గట్టు మీద మనిషి పోగలడు. నీటి వైపు నడుమెత్తు కంచె, దీపాలు, అక్కడక్కడా కూర్చునే దిమ్మెలు, ఇంతే కావాలి.

ఈ చిన్న గట్టు గురించి ఇంత గట్టిగా మాట్లాడటానికి కారణం ఉంది. ఊరుమ్మడి స్థలం అన్న భావనే మన పట్టణాల్లో కరిగిపోతోంది. లేఅవుట్ వేసినప్పుడు పది శాతం స్థలం ఖాళీగా వదిలి పురపాలక సంస్థకు అప్పగించాలని నిబంధన ఉంది. ఆ పది శాతం కాగితం మీద పార్కు. నేల మీద అది ఒకచోట గుడి అవుతుంది, ఇంకోచోట నీళ్ల ట్యాంకు, మరోచోట పక్కింటివాళ్ల కారు షెడ్డు. కాలేజీ మైదానాలు ఎగ్జిబిషన్లకు, బహిరంగ సభలకు వెళ్లి, గుంజలు పాతిన గుంతలతో తిరిగివస్తాయి. పార్కు కోసం కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో 1991లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆసుపత్రి కూడా ప్రజలకు పనికొచ్చేదే కదా అన్న వాదనను కోర్టు అంగీకరించలేదు. ఖాళీ స్థలం ఖాళీగా ఉండటమే దాని ఉపయోగం. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు గుడారాలు వేసుకోవడానికి సైతం చోటున్న ఊరు కర్నూలు. ఇవాళ పరుగెత్తడానికి ఆ ఊరి పిల్లలు హైవే అంచును వెతుక్కుంటున్నారు.

ఆక్రమణకు గురైన ప్రతి గజాన్నీ వెనక్కి తేవడానికి ఏళ్లు పట్టవచ్చు. గట్టు అలా కాదు, అది ఇంకా ప్రభుత్వం చేతిలోనే ఉంది. వేసవిలో కాలువకు నీరు ఆపే నెలలే పనికి అనువైన కాలం. వినాయక ఘాట్ నుంచి మొదలుపెట్టి రెండున్నర కిలోమీటర్ల ముక్కను ఎంచుకుని, కలెక్టరు సమక్షంలో జలవనరుల శాఖ, కార్పొరేషన్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేస్తే, ఖరీఫ్‌కు నీళ్లు వదిలేలోపు మట్టి, దీపాలు, కంచె పూర్తిచేయవచ్చు. పార్కు వేళలు మార్చే తీర్మానానికైతే అంత కూడా ఆగనక్కర్లేదు. కౌన్సిల్ వచ్చే సమావేశం అజెండాలో దాన్ని మొదటి అంశంగా పెట్టాలి.