అన్యభాషలకు కొరింథు కొలత

అన్యభాషలంటే, నేర్చుకోని భాషలో ఆత్మ ప్రేరణతో పలకడం. వాటి మీద క్రైస్తవ సంఘాల్లో నడిచే వాదన సగం ఆ మాట దగ్గరే చిక్కుపడుతుంది. గ్రీకులో ‘గ్లోస్సా’ అంటే నోట్లోని నాలుక కూడా, మాట్లాడే భాష కూడా. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో పెంతెకొస్తు రోజున పార్తీయులు, మాదీయులు, ఐగుప్తు నుంచి వచ్చినవాళ్లు, ఎవరి సొంత భాషలో వాళ్లు విన్నారు. మధ్యలో అర్థం చెప్పేవాడి అవసరమే రాలేదు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రిక, 1 కొరింథీయులు 14లో సంగతి వేరు. అక్కడ మాట్లాడేవాడు దేవునితో మాట్లాడుతున్నాడు, పక్కవాడికి ఒక్క ముక్క తెలియదు. రెండూ ఒకే వరమా కాదా అన్నది పండితుల మధ్య ఇంకా తేలలేదు. కానీ రెండు చోట్లా జరిగిన పని మాత్రం ఒకటి కాదు. మనం రెంటినీ ఒకే పేరుతో పిలుస్తూ, ఒకచోటి ప్రయోజనాన్ని ఇంకోచోట అంటగడుతున్నాం.

ఈ పొరపాటు మనతో మొదలైంది కాదు. 1901 జనవరిలో అమెరికాలోని టొపీకాలో చార్లెస్ పార్హామ్ బైబిలు పాఠశాలలో అగ్నెస్ ఓజ్మన్ భాషలతో మాట్లాడినప్పుడు, అవి నిజమైన విదేశీ భాషలని పార్హామ్ నమ్మాడు. ఇక మిషనరీలు ఏళ్ల తరబడి భాష నేర్చుకోనక్కర్లేదనుకున్నాడు. 1906లో లాస్ ఏంజిలిస్‌లో విలియం సేమూర్ నడిపిన అజూసా స్ట్రీట్ కూటాల్లోనూ ఆ ఆశ బలంగా ఉండేది. అక్కడినుంచి ఆల్ఫ్రెడ్ గార్ తనకు బెంగాలీ వచ్చిందన్న నమ్మకంతో భార్యతో కలిసి కలకత్తా చేరాడు. ఆ బెంగాలీ అక్కడ పనికిరాలేదు. గార్ విశ్వాసం వదులుకోలేదు గానీ భాషల ప్రయోజనం గురించి తన మాట మార్చుకున్నాడు. ఈ కూటాల నుంచి పెరిగిన పెంతెకొస్తు ఉద్యమంలోనూ అదే జరిగింది. సువార్త ప్రకటించే సాధనం అన్న వివరణ వెనక్కి తగ్గి, ఆత్మ బాప్తిస్మానికి, అంటే విశ్వాసి పరిశుద్ధాత్మతో నిండడానికి, రుజువు అన్న వివరణ నిలిచింది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘాల సమాఖ్య దాన్ని ‘తొలి గుర్తు’గా తన విశ్వాస ప్రకటనలో చేర్చుకుంది.

నా లెక్కలో అన్నిటికన్నా బలహీనమైన ప్రయోజనం ఈ రుజువే. దానికి ఆధారం కార్యముల గ్రంథంలోని మూడు ఘట్టాలు: పెంతెకొస్తు, రోమా శతాధిపతి కొర్నేలీ ఇల్లు, ఎఫెసులోని దాదాపు పన్నెండుగురు శిష్యులు. అదే గ్రంథంలో పెంతెకొస్తు రోజునే చేరిన సుమారు 3,000 మంది భాషలతో మాట్లాడారని లేదు. సమరయలో చేతులుంచగా ఆత్మను పొందినవాళ్ల విషయంలోనూ లేదు. ఆ వరం కోసం అక్కడి గారడీవాడు సీమోను డబ్బివ్వజూపాడంటే కంటికి ఏదో కనబడే ఉంటుందని పెంతెకొస్తు బోధకులు అంటారు. నిజమే కావచ్చు, కానీ అది ఊహ. పైగా అందరూ భాషలతో మాట్లాడతారా అని పౌలు అడిగిన తీరులోనే ‘లేదు’ అన్న జవాబు ఉంది. పూనా దగ్గర కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో 1905లో ఉజ్జీవం మొదలైంది, ఆ తర్వాత భాషలూ వినిపించాయి. అయినా అవి తప్పనిసరి గుర్తు అని అక్కడ పట్టుబట్టలేదు.

రుజువు అడిగేసరికి ఒత్తిడి వస్తుంది. ఆత్మ కోసం ఎదురుచూసే కనిపెట్టు ప్రార్థనలో బోధకుడు తలమీద చెయ్యి పెట్టి ‘స్తోత్రం, స్తోత్రం’ అని ఆపకుండా, ఇంకా వేగంగా అనమంటాడు. పది నిమిషాలయ్యేసరికి నాలుక తడబడి ‘స్తోస్తోస్తో’ దగ్గరికి వస్తుంది. ‘వచ్చేసింది, వదలకు’ అని చుట్టూ కేకలు. అభిషేకం దొరికిందని మైకులో ప్రకటన. రానివాళ్లు మాత్రం తమలో ఏదో పాపం అడ్డుపడిందనుకుంటూ ఇంటికి పోతారు. వరమని చెప్పినదాన్ని ఇలా పరీక్షగా మార్చేశాం.

కొరింథు సంఘానికి పౌలు పెట్టిన కొలత చాలా సాదా. కూటంలో ఇద్దరు, మించితే ముగ్గురు. అదీ వంతుల ప్రకారం. ఒకరు అర్థం చెప్పాలి. చెప్పేవాడు లేకపోతే మాట్లాడేవాడు సంఘంలో మౌనంగా ఉండి, తనలో తాను దేవునితో మాట్లాడుకోవాలి. అంటే ఒంటరి ప్రార్థనలో దీని ప్రయోజనం ఒప్పుకున్నట్టే. సంఘంలో మాత్రం పక్కవాడు ‘ఆమేన్’ అనగలగాలి. ఏమన్నారో తెలియకుండా ఎలా అంటాడు? అందుకే పదివేల మాటలకన్నా అర్థమయ్యే అయిదు మాటలు మేలన్నాడు. అందరికన్నా ఎక్కువగా భాషలతో మాట్లాడతానని చెప్పుకున్న మనిషే ఈ మాట అన్నాడు.

అందరూ ఎక్కువగా తడబడేది ఆ 14వ అధ్యాయం 22వ వచనం దగ్గర. భాషలు అవిశ్వాసులకు సూచన అంటాడు పౌలు. మరుసటి వచనంలోనే, అవిశ్వాసి లోపలికి వస్తే ‘మీకు వెర్రి పట్టింది’ అనుకుంటాడని అంటాడు. ముడి విప్పేది 21వ వచనం. అక్కడ యెషయా 28 ఉంది: తేట మాట వినని ఇశ్రాయేలుతో దేవుడు పరాయి నాలుకలతో మాట్లాడతాడు. వీధుల్లో అష్షూరు సైనికుల భాష వినబడటమే ఆ తీర్పు. కాబట్టి ఇక్కడ సూచన అంటే రమ్మనే పిలుపు కాదు, దూరం పెట్టే గుర్తు. కూటానికి కొత్తవాళ్లను రాబట్టడానికి భాషలు వాడేవాళ్లు ఈ వచనాన్ని తలకిందులుగా చదువుతున్నారు.

భాషాశాస్త్రవేత్త విలియం సమరిన్ 1972లో చెప్పిందీ చూడాలి. ఆ పలుకుల్లోని ధ్వనులు మాట్లాడేవాడికి అలవాటైన ధ్వనులే, మానవ భాషకుండే అర్థవ్యవస్థ వాటిలో లేదు. దాన్ని ఆయన మానసిక రోగం అనలేదు. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ న్యూబర్గ్ బృందం అయిదుగురు మహిళల మెదడును పరిశీలించింది. భాషలతో మాట్లాడేటప్పుడు, పాడేటప్పటికన్నా ముందుభాగంలో చురుకు తగ్గింది. అయిదుగురితో పెద్ద తీర్మానాలు చేయలేం. కానీ ‘నా ఆత్మ ప్రార్థిస్తుంది, నా మనసు ఫలం లేకుండా ఉంటుంది’ అన్న అర్థంలో పౌలు చెప్పినదానికి ఇది అడ్డురాదు.

ఇక అపొస్తలులతోనే భాషలు ఆగిపోయాయనేవాళ్లు, గోదావరి డెల్టాలోని బ్రదరెన్ సంఘాల్లోనూ ఇలా బోధించేవాళ్లున్నారు, 13వ అధ్యాయంలోని ‘పూర్ణమైనది’ అంటే బైబిలు పూర్తవడమే అంటారు. వెంటనే వచ్చే ‘ముఖాముఖిగా చూతుము’ దానికి అతకదు. అమెరికాలోని సదరన్ బాప్టిస్టుల మిషన్ బోర్డు 2005లో ఒంటరి ప్రార్థనలో భాషలు వాడే కొత్త అభ్యర్థులకు తలుపు మూసి, 2015లో తెరిచింది. భాషలతో మాట్లాడటాన్ని ఆపవద్దని 14వ అధ్యాయం 39వ వచనం చెప్తూనే ఉంది. మైకు ఎవరి చేతిలో ఉండాలో 28వ వచనం చెప్పింది. అర్థం చెప్పేవాడు లేచి నిలబడేదాకా అది స్టాండు మీదే ఉండాలి.